బిగ్ అంటే పెద్ద అని నేర్పడం మానేశాను

పోయిన వేసవిలో నా దగ్గర చదువుకునే కుర్రాడొకడు ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు వెళ్లి వచ్చాడు. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక వీధిలో, రెండో అంతస్తులో, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా నేను ఇంగ్లిష్ మాట్లాడడం నేర్పుతాను. పదకొండేళ్లుగా అదే పని. వచ్చేవాళ్లలో ఎక్కువమంది జిల్లాల నుంచి వచ్చి, హాస్టళ్లలో ఉంటూ, పగలు కంప్యూటర్ కోర్సులు చేసుకునే పిల్లలు. ఈ కుర్రాడిది దేవరకొండ దగ్గర ఒక పల్లె.

మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగారట. వ్యవసాయం అని చెప్పాడు. అక్కడితో ఆపకుండా ఇంకో మాట చేర్చాడు. వాళ్ల నాన్న ఊళ్లో పెద్దమనిషి. ఆ మాట చెప్పుకోవాలని ఏ కొడుక్కి ఉండదు? ఇంగ్లిషులో అది కాస్తా "బిగ్ మ్యాన్" అయింది. ఎదురుగా కూర్చున్న ముగ్గురిలో ఒకాయన రెండు చేతులూ బారజాపి, "ఎంత బిగ్?" అన్నాడట. మిగతా ఇద్దరూ నవ్వారు. ఆ ముగ్గురిలో ఇద్దరు తెలుగువాళ్లే. ఈ పిల్లవాడు ఏం చెప్పబోయాడో వాళ్లకు తెలియకపోలేదు. తెలిసే నవ్వారు.

ఉద్యోగం రాలేదు. ఆ ఒక్క మాట వల్లే పోయిందని నేననను. కానీ ఆ సాయంత్రం క్లాసయ్యాక అతను బల్ల మీద నోటుపుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. పొడుగాటి రూళ్ల పుస్తకం. పేజీ మధ్యలో స్కేలు పెట్టి గీసిన గీత. గీతకు ఎడమ పక్క ఇంగ్లిష్ మాటలు, కుడి పక్క తెలుగు మాటలు, ఒక్కో జంట మధ్య రెండు చిన్న అడ్డగీతలతో సమానం గుర్తు. పై నుంచి నాలుగో వరసలో "బిగ్", సమానం, "పెద్ద". దాని పక్కన ఎర్ర సిరాతో టిక్కు. ఆ టిక్కు నాది. "మీరే కదా సార్ రాయించారు?" అన్నాడు. కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. మొహం మాత్రం చిన్నబోయి ఉంది.

ఆ రాత్రి నుంచి ఆ సమానం గుర్తు నన్ను వదలలేదు. అది అబద్ధమని నాకు చాలాకాలంగా తెలుసు. తెలిసీ ఏడాది తర్వాత ఏడాది రాయిస్తూ వచ్చాను, మొదలుపెట్టడానికి తేలికగా ఉంటుందని. ఇప్పుడు మానేశాను. ఎందుకు మానేశానో చెప్పాలని ఇది రాస్తున్నాను. ఇంగ్లిష్ నేర్పేవాళ్లే కాదు, తెలుగు రాసేవాళ్లు కూడా చదవాలని నా కోరిక. ఎందుకంటే ఆ గుర్తు రెండు వైపులా నష్టం చేస్తోంది.

ముందు పెద్దమనిషి సంగతి చూద్దాం. పల్లెలో గట్టు తగాదా వస్తే, అన్నదమ్ముల పంపకాలు తెగకపోతే, కాపురం చెడేలా ఉంటే, పెళ్లి మాటలు మధ్యలో బెడిస్తే, ఇద్దరూ కలిసి వెళ్లి ఎవరి గడప ముందు కూర్చుంటారో ఆయన పెద్దమనిషి. ఎత్తుతో పని లేదు, లావుతో పని లేదు, డబ్బుతో కూడా అంతగా పని లేదు. మాట మీద నిలబడతాడన్న పేరుండాలి. ఇంగ్లిషులో "బిగ్ మ్యాన్" అంటే విన్నవాళ్లకు ముందు కనబడేది శరీరం. ఆ తర్వాత తోచేది పలుకుబడి, డబ్బు, అధికారం. న్యాయం చెప్పే మనిషి ఆ మాటలో దొరకడు. మరి ఆ కుర్రాడు ఏమనాల్సింది? ఊరంతా గౌరవించే పెద్ద, తగవులు తీర్చమని జనం ఆయన దగ్గరికి వస్తారు అని రెండు వాక్యాల్లో చెప్పాల్సింది. ఒక మాటకు ఒక మాట అని నేర్పితే రెండు వాక్యాలు వాడవచ్చన్న ధైర్యం పిల్లలకు ఎక్కడి నుంచి వస్తుంది?

అయితే ఆ నవ్విన పెద్దలకు ఒక సంగతి చెప్పాలి. ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న పాపువా న్యూగినీ దేశంలో ఇంగ్లిష్ మాటల మీద పుట్టిన టోక్ పిసిన్ అనే భాష ఉంది. కోట్లమంది కాకపోయినా లక్షలమంది మాట్లాడతారు. అక్కడ ఊళ్లో గౌరవం, పలుకుబడి ఉన్న మనిషిని "బిక్‌మాన్" అంటారు. అదే బిగ్, అదే మ్యాన్. మన దేవరకొండ కుర్రాడు ఒక్కడే కూర్చుని కట్టిన మాటను అక్కడ ఒక దేశమే కట్టుకుంది. అతని బుర్ర సరిగానే పనిచేసింది. చేరిన చోటే వేరు.

మాటకు మాట పెట్టకుండా, అర్థాన్ని వెతికి పెట్టిన పూర్వులు మనకు లేకపోలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు సంతకాలు చేసిన ఒప్పందాన్ని ఇంగ్లిషులో "జెంటిల్‌మెన్స్ అగ్రిమెంట్" అన్నారు. హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు, ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి బెజవాడ గోపాలరెడ్డి అందులో ఉన్నారు. జెంటిల్‌మన్ అనే మాటలో ఎక్కడా "పెద్ద" లేదు. మర్యాదస్తుల ఒప్పందం అని పెట్టి ఊరుకోవచ్చు. అలా పెట్టలేదు. పెద్దమనుషుల ఒప్పందం అన్నారు. ఆ మాటతో ఒప్పందం రచ్చబండ మీదికి వచ్చింది. ఇచ్చిన మాట తప్పితే పెద్దరికం పోతుందన్న బరువు దానికి చేరింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఈ నగరంలో జరిగిన వాదనల్లో ఆ ఒప్పందం పేరు ఎంత నొప్పితో పలికిందో విన్నవాళ్లకు తెలుసు. ఇంగ్లిష్ పేరుకు ఆ నొప్పి లేదు.

ఇక చుట్టరికాలు. ఇక్కడ పిల్లలు పడే తికమక అంతా ఇంతా కాదు. ఇంగ్లిషులో "బిగ్ బ్రదర్" అంటే అన్న. అంటే బిగ్‌కు కూడా వయసు చెప్పే శక్తి ఉంది. పిల్లలకు ఇది తెలియగానే ప్రాణం లేచివస్తుంది, మన "పెద్ద" లాగే ఉందే అని. వెంటనే పెద్దనాన్నను "బిగ్ ఫాదర్" చేస్తారు, పెద్దమ్మను "బిగ్ మదర్" చేస్తారు. అక్కడ తలుపు మూసుకుంటుంది. బిగ్‌కు వయసు చెప్పే శక్తి తోబుట్టువుల దగ్గరా, చిన్నపిల్లలతో "నువ్వు పెద్దయ్యాక" అనే చోటా మాత్రమే ఉంది. అదీ బిగ్‌కే ఉంది, లార్జ్‌కు లేదు. "లార్జ్ బ్రదర్" అంటే బాగా ఒళ్లు చేసిన సోదరుడు. అలాగే తమ్ముడు "లిటిల్ బ్రదర్" అవుతాడు. "స్మాల్ బ్రదర్" అంటే కురచగా ఉన్నవాడనుకుంటారు. మన పిల్లలు నూటికి తొంభైమంది "స్మాల్ బ్రదర్" అనే అంటారు. స్మాల్ అంటే చిన్న అని రాయించాం కదా మరి.

బిగ్‌కు జోడు లిటిల్. లార్జ్‌కు జోడు స్మాల్. ఈ జంటలను విడదీసి, నాలుగు మాటలకూ కలిపి రెండే తెలుగు మాటలు ఇవ్వడం వల్ల వచ్చిన తంటా ఇది. లిటిల్‌లో ముద్దు ఉంది. మనం చిన్ని, బుల్లి, చిట్టి అన్నప్పుడు వచ్చే ముద్దే. అందుకే ఇల్లు నచ్చితే "లిటిల్ హౌస్" అంటారు, అద్దెకిచ్చే ప్రకటనలో కొలత చెప్పాల్సి వస్తే "స్మాల్" అంటారు. మన బుల్లి ఇంటికీ చిన్న ఇంటికీ ఉన్నంత తేడా ఉంది రెంటికీ.

ఇంకో విచిత్రం చూడండి. ఇంగ్లిష్‌వాడు కూడా చుట్టరికానికి "పెద్ద" వాడుకున్నాడు, కాకపోతే ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నాడు. "గ్రాండ్" అంటే ఫ్రెంచిలో పెద్ద. గ్రాండ్‌ఫాదర్ అంటే మాటకు మాట పెద్దనాన్న. కానీ ఆయన మనకు తాత. అదే మాట, అదే కట్టు, ఒక తరం పైకి జరిగింది. ఈ ముక్క బోర్డు మీద రాసి చూపించినప్పుడు క్లాసులో ఎవరూ నిద్రపోరు.

చుట్టరికాలు దాటి బయటికి వస్తే తెలుగు "పెద్ద" ఎన్ని చోట్లకు వెళుతుందో చూస్తే నాకు ముచ్చటేస్తుంది. పెద్ద వాన. పెద్ద గాలి. పెద్ద గొంతు. పెద్ద చదువు. పెద్ద పండుగ. పెద్ద డాక్టరు. పెద్దాసుపత్రి. పైకి చెప్పడానికి నోరు రాని పెద్ద జబ్బు. వీటిలో దేనికీ ఇంగ్లిషులో బిగ్ మొదట తోచే మాట కాదు. వాన "హెవీ", గాలి "స్ట్రాంగ్", గొంతు "లౌడ్", చదువు "హయ్యర్", డాక్టరు "సీనియర్", జబ్బు "సీరియస్". పెద్దపులి దగ్గరికి వస్తే "టైగర్" అంటే చాలు, ఏ విశేషణమూ అక్కర్లేదు. ఆడపిల్ల పెద్దమనిషి అయిందన్న మాటను అనువాదం చేయబోయి తెల్లబోయిన పిల్లలను చూశాను. పెద్దల అమావాస్య నాడు బియ్యం ఇచ్చేది కళ్ల ముందున్న పెద్దలకు కాదు, దాటిపోయిన వాళ్లకు. ఒక్క మాట బతికున్నవాళ్లనూ పోయినవాళ్లనూ ఒకే వరసలో కూర్చోబెడుతోంది.

బిగ్‌కు ఇలాంటి సొంత సంసారమే వేరేగా ఉంది. తప్పు, నిర్ణయం, సమస్య, ఆశ, అవకాశం ఇవన్నీ బిగ్ వెంట నడుస్తాయి. సంఖ్య, పరిమాణం, జనాభా లార్జ్ వెంట నడుస్తాయి. "బిగ్ మిస్టేక్" అంటారు గానీ "లార్జ్ మిస్టేక్" అనరు. మనిషి ఘనత చెప్పాలంటే ఈ రెండూ చాలవు, "గ్రేట్" కావాలి. ఎందుకిలా అని పిల్లలు అడుగుతారు. వాడుక అంతే, బట్టీ పట్టండి అని చాలామంది మాస్టర్లు చెబుతారు. నేనూ చెప్పేవాణ్ని. ఆ జవాబు అన్యాయం. మాటల పుట్టుక కాస్త చెబితే సగం చిక్కు విడిపోతుంది.

బిగ్ అన్న మాట పాత ఇంగ్లిషులో లేదు. 1300 ప్రాంతంలో ఉత్తర ఇంగ్లండు వైపు నుంచి కనబడుతుంది. స్కాండినేవియా భాషల నుంచి వచ్చి ఉంటుందని పండితుల ఊహ. అప్పుడు దాని అర్థం బలమైన, దిట్టమైన అని. కొలత తర్వాత వచ్చింది. అందుకే ఇప్పటికీ మనసు మీద దెబ్బ వేసేవన్నీ, తప్పులూ నిర్ణయాలూ ఆశ్చర్యాలూ, బిగ్ అవుతాయి. లార్జ్ ఫ్రెంచి గుండా లాటిన్ నుంచి వచ్చింది. లాటినులో "లార్గుస్" అంటే సమృద్ధమైన, ధారాళమైన. అందుకని రాశిపోసి కొలిచేవన్నీ దాని కిందికి వచ్చాయి. గ్రేట్ పాత ఇంగ్లిషులో మందమైన, మోటైన అనే అర్థంలో మొదలై ఘనత దాకా ఎక్కింది. స్మాల్ అంటే ఒకప్పుడు సన్నని, ఇరుకైన అని. జర్మనులో ఆ మాటకు తోబుట్టువైన "ష్మాల్" ఇప్పటికీ ఇరుకునే చెబుతుంది.

మరి మన "పెద్ద"? దాని చుట్టాలను పిలిస్తే పుట్టుక తెలుస్తుంది. పెరుగు, పెంచు, పెంపు, పెను. పెనుగాలిలో ఉన్న పెను, పంట పెరగడంలో ఉన్న పెరుగు, పెద్ద, అన్నీ ఒకే ద్రావిడ ధాతువు కొమ్మలు. తమిళంలో "పెరియ" అదే కుటుంబం. అంటే పెద్ద అంటే పెరిగినది. పెరగడానికి కాలం కావాలి. అందుకే మన మాటలోకి వయసు వచ్చింది, వయసుతో బాధ్యత వచ్చింది, బాధ్యతతో గౌరవం వచ్చింది. బిగ్ బలం నుంచి బయలుదేరింది, పెద్ద పెరుగుదల నుంచి బయలుదేరింది. రెండు దారులూ ఒక చోట కలిశాయి, పెద్ద ఇల్లు, పెద్ద చెట్టు, పెద్ద బస్సు దగ్గర. ఆ కలిసిన చోటును చూసి సమానం గుర్తు పెట్టేశాం.

నాకు ఇష్టమైన ముక్క ఇంకొకటుంది. "ఆమె పెద్దగా చదువుకోలేదు" అంటాం. ఇక్కడ పెద్దగా అంటే ఎక్కువగా. ఇంగ్లిషులో చెప్పాలంటే "మచ్" కావాలి. ఆ మచ్ ఎక్కడిదో తెలుసా? పాత ఇంగ్లిషులో పెద్ద అని చెప్పడానికి వాడిన "మిచెల్" అనే మాట అరిగి అరిగి మచ్ అయింది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్ రైతూ, మన పల్లెలో అమ్మమ్మా ఒకే దారిలో ఆలోచించారు. కాకపోతే మన పెద్దగాకు ఇంకో పని కూడా ఉంది. "పెద్దగా నవ్వింది" అంటే గట్టిగా నవ్వింది. "పెద్దగా నవ్వలేదు" అంటే అంతగా నవ్వలేదు. "లేదు" చేరగానే శబ్దం కాస్తా కొలత అయిపోయింది. ఇంత సున్నితమైన యంత్రాన్ని మనం రోజూ వాడుతూ, తెలుగులో ఏముంది అంటాం.

ఇక రెండో నష్టం దగ్గరికి వస్తాను. సమానం గుర్తుకు రెండు వైపులుంటాయి. మన పిల్లలు "పెద్ద"ను బిగ్ చేసి నవ్వులపాలు కావడం ఒకటి. మన రాతలు బిగ్‌ను "పెద్ద" చేసి తెలుగును ఎండగట్టడం రెండోది. ఎవరికైనా కృతజ్ఞత చెబుతూ "పెద్ద ధన్యవాదాలు" అంటున్నారు. "నేను మీకు పెద్ద అభిమానిని" అంటున్నారు. పెళ్లి రోజును "ఈ రోజు మాకు పెద్ద రోజు" అని రాస్తున్నారు. ధన్యవాదాలకు అనేకం, వేలవేల అని మనకున్నాయి. అభిమాని ప్రాణం పెడతాడు, పెద్దవాడు కానక్కర్లేదు. పెద్ద రోజు అంటే నాకు ముందు తోచేది పగటిపూట ఎక్కువగా ఉండే జూన్ నెల.

"అతి పెద్ద" మరీ బాధపెడుతుంది. అతి అంటే తెలుగులో హద్దు మీరడం. అతి చేయకు అంటాం, అతి మంచితనం అంటాం. ఇంగ్లిషులో "బిగ్గెస్ట్" కనబడగానే మనవాళ్లు "అతి పెద్ద" అని పెట్టేస్తున్నారు. అన్నిటిలోకీ పెద్దది, దేశంలోకెల్లా పెద్దది అనే చక్కని తోవ ఉండగా! దానికి తోక కూడా తగిలిస్తారు, "అతి పెద్ద నగరాల్లో ఒకటి" అని. అన్నిటిలోకీ పెద్దవి చాలా ఉంటే అందులో ఒకటేమిటి? పెద్ద పెద్ద నగరాల వరసలో హైదరాబాద్ నిలుస్తుంది అంటే ఎవరికి అర్థం కాదు? పెద్ద పెద్ద అని రెండుసార్లు అనగానే ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయని, అన్నీ పెద్దవేనని తెలిసిపోతుంది. ఇంగ్లిషుకు ఈ సౌకర్యం లేదు.

అనువదించే ఓపిక కూడా లేనివాళ్లు బిగ్‌ను బిగ్‌గానే దించుతున్నారు. పొద్దున ఫోను చూస్తే వార్తల్లో "బిగ్ షాక్", "బిగ్ ట్విస్ట్", "బిగ్ అప్‌డేట్". గ్యాసు ధర పెరిగినా బిగ్ షాకే, ఆటలో ఒకడికి వేలు బెణికినా బిగ్ షాకే. అన్నిటికీ ఒకే సైజు చొక్కా తొడిగితే చూసేవాడికి ఎవరు ఎంత పొడవో ఎలా తెలుస్తుంది? పరాయి మాటలు వద్దని నేను అనడం లేదు. ఈ నగరంలో ఉండి ఆ మాట అనడం కృతఘ్నత. "భారీ" హిందుస్తానీ నుంచి వచ్చింది, అక్కడ బరువైన అని అర్థం. మనం దాన్ని తెచ్చుకుని భారీ వర్షం అన్నాం. వాతావరణ శాఖవారి చేతిలో ఆ మాటకు అంకె కూడా వచ్చింది. ఇరవైనాలుగు గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 దాటితే అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఇక్కడ "అతి"కి కూడా నేను అభ్యంతరం చెప్పను. అది కొలిచి వేసిన ముద్ర. మూసీ పక్కన ఇల్లున్నవాడికి భారీకీ అతి భారీకీ మధ్య తేడా సామాను ఎప్పుడు పైకెక్కించాలో చెబుతుంది. అదే భారీని డిస్కౌంటుకూ, బందోబస్తుకూ, మెజారిటీకీ, సినిమా సెట్టుకూ పూస్తే, వాన వచ్చే రోజున ఆ మాట ఎవరి చెవికీ ఎక్కదు.

"బడా" కథ అయితే హెచ్చరికలాంటిది. దక్కనీ ఉర్దూలో బడా అంటే పెద్ద, ఏ వంకరా లేదు. దాని నుంచి వచ్చిన "బడాయి"కి హిందీలో గొప్పతనం, పొగడ్త అని అర్థం. తెలుగులోకి వచ్చేసరికి బడాయి అంటే ఉత్త డాంబికం. బడాబాబు అంటే గౌరవం కాదు, ఎత్తిపొడుపు. ఒక మాటను గొప్పలకే వాడుతూ పోతే జనం దాన్ని నమ్మడం మానేస్తారు. బిగ్ కూడా ఆ దారిలోనే ఉందని నా భయం. ఇంకో ఇరవై ఏళ్లకు మన పిల్లలు ఒట్టి గొప్పలు చెప్పుకునేవాణ్ని చూసి "బిగ్" అంటారేమో.

బడా మర్యాద పోకుండా నిలిచిన చోటు ఒకటుంది, ఖైరతాబాద్. అక్కడ 1954లో ఒక్క అడుగు వినాయక విగ్రహంతో మొదలుపెట్టారు. ఏటా ఒక్కో అడుగు పెంచుతూ పోయి 2014కు అరవై అడుగులు చేశారు. ఆ తర్వాత తగ్గించారు, మళ్లీ పెంచారు, 2024లో డెబ్బై అడుగులు నిలబెట్టారు. నా చెవికి ఇంపైనది ఆ విగ్రహానికి ఉన్న పేర్లు. పత్రికలు మహాగణపతి అంటాయి. బస్సులో పక్కనున్నవాళ్లు బడా గణేశ్ అంటారు. మా పక్కింటి పెద్దావిడ పెద్ద వినాయకుడు అంటుంది. మూడు భాషల పెద్దరికం ఒక్క దేవుడి మీద! ఏ ఒక్కటీ మిగతా రెంటికీ సమానం కాదు. మహా అన్నప్పుడు చేతులు జోడిస్తాం, బడా అన్నప్పుడు పిల్లల్ని భుజాన ఎక్కించుకుని చూపిస్తాం, పెద్ద అన్నప్పుడు ఆయన మన ఇంట్లో చిన్న వినాయకుడికి పెద్దన్న అవుతాడు. ఏడాదికో అడుగు పెరిగిన విగ్రహానికి "పెరిగినది" అనే అర్థమున్న మాట దక్కడం కూడా బాగుంది.

"గ్రేటర్" గురించి ఒక్క మాట. 2007లో చుట్టుపక్కల మున్సిపాలిటీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ చేసినప్పుడు ఆ గ్రేటర్‌కు అర్థం, నగరమూ దాన్ని ఆనుకుని ఉన్న ఊళ్లూ కలిపి అని. ఘనమైన అని కాదు. అప్పుడే బెంగళూరువాళ్లు తమదాన్ని "బృహత్" అనుకున్నారు. మనం గ్రేటర్‌ను అలాగే ఉంచుకున్నాం. ఇప్పుడు "గ్రేటర్‌లో ఎన్నికలు", "గ్రేటర్‌లో వాన" అని పత్రికలు రాస్తుంటే విశేషణం కాస్తా ఊరి పేరైపోయింది. దీనికి నేను బాధపడను. మాట కొత్త చోట వేళ్లూనుకుని బతుకుతోంది. బిర్యానీ హోటళ్లలో "జంబో ప్యాక్" కూడా అంతే. జంబో అనేది లండన్ జంతుశాలలో ఉన్న ఒక ఏనుగు పేరు. 1882లో దాన్ని అమెరికా సర్కస్ యజమాని బార్నమ్ కొనుక్కుపోయాడు. 1885లో కెనడాలో రైలు ఢీకొని చచ్చిపోయింది. ఆ ఏనుగు పేరు ఇవాళ మన నగరంలో నలుగురైదుగురు తినే బిర్యానీ డబ్బా మీద ఉంది. పాపం అనిపిస్తుంది తలుచుకుంటే.

మొదట్లో పిల్లలకు ఒక మాటకు ఒక అర్థమే చెప్పాలి, ఇన్ని చెబితే బెదిరిపోతారు అని నా తోటి మాస్టర్లు అంటారు. వాళ్ల మాటను తీసిపారేయను. ఆరు వారాల్లో ఇంటర్వ్యూకు తయారు చేయమని వచ్చే పిల్లల దగ్గర డబ్బూ తక్కువే, వ్యవధీ తక్కువే. కానీ నా అనుభవం వేరేగా ఉంది. బెదరగొట్టేది ఎక్కువ చెప్పడం కాదు, అబద్ధం చెప్పి పంపడం. ఇక్కడ సరైనదని టిక్కు పెట్టిన మాట అక్కడ నవ్వు తెప్పిస్తే, ఆ పిల్లవాడు ఒక్క బిగ్‌నే కాదు, పుస్తకంలో రాసుకున్న మూడు వందల మాటలనూ నమ్మడం మానేస్తాడు. నోరు తెరవడమే మానేస్తాడు. ఇంటర్వ్యూ తర్వాత రెండు వారాలు ఆ కుర్రాడు క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదు.

ఇప్పుడు నేను చేసేది ఇంతే. పేజీ మధ్యలో గీత గీయించడం లేదు. ఒక్కో మాటకు ఒక పేజీ, దాని మీద ఆ మాట తిరిగే స్నేహితుల పేర్లు. బిగ్ పేజీలో తప్పు, నిర్ణయం, కల, అన్న, అక్క. లార్జ్ పేజీలో సంఖ్య, మొత్తం, జనాభా. ఇంకో పేజీలో తెలుగు వాక్యాలు. మొదటి వాక్యం ఎప్పుడూ ఇదే ఇస్తాను: "మా పెద్దమ్మ పెద్దగా చదువుకోలేదు కానీ ఆమెది పెద్ద మనసు." మూడు పెద్దలున్నాయి. ఇంగ్లిష్ చేస్తే మొదటిది "ఎల్డర్" అవుతుంది, అమ్మకు అక్క అని విడమర్చాల్సి వస్తుంది. రెండోది మచ్ అవుతుంది. మూడోదానికి మాత్రం బిగ్ వస్తుంది, "బిగ్ హార్ట్" అని. రెండు భాషలూ ఆ ఒక్క చోట భుజం భుజం కలుపుతాయి. ఈ వాక్యానికి క్లాసు గంట పడుతుంది. ఆ గంట గడిచాక పిల్లలు వాళ్లంతట వాళ్లే తమ ఇళ్లలోని వాక్యాలు తెస్తారు. మా ఇంట్లో చిన్నప్పుడు ఇలా అనేవాళ్లు సార్, దీన్నెలా చెప్పాలి అని. చిన్నబుచ్చడం, చిన్నచూపు, చిన్నతనం, అన్నీ ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి.

వినాయక చవితి తర్వాత నాలుగో రోజో అయిదో రోజో, ఆ కుర్రాడి నాన్నగారు ఖైరతాబాద్ దర్శనానికి వచ్చి, కొడుకును చూసిపోదామని సాయంత్రం క్లాసుకు వచ్చారు. నేను బోర్డు మీద రాస్తున్నాను. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్న చప్పుడు విని తిరిగాను. సన్నటి మనిషి. అయిదడుగులకు ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ ఉంటారేమో. తెల్ల పంచె, భుజాన మడత పెట్టిన తువ్వాలు, చేతిలో ప్రసాదం పొట్లం. ఇది కూర్చుని చదువుకునే చోటని అర్థమై లోపలికి రావడానికి సందేహిస్తున్నారు. ఎవరో ఏమిటో తెలియకుండానే ముందు వరసలో ఇద్దరు లేచారు. వాళ్లను చూసి క్లాసంతా లేచింది.

"మావాడు ఎలా చదువుతున్నాడు సార్?" అని అడిగారు. బాగా చదువుతున్నాడండీ అన్నాను. కూర్చోమని కుర్చీ వేస్తే, పిల్లల ముందు మీరు నిలబడి ఉండగా నేను కూర్చోవడమేమిటని కూర్చోలేదు.

కుర్రాణ్ని పిలిచి, మీ నాన్నగారిని క్లాసుకు పరిచయం చెయ్యి, ఇంగ్లిషులో అన్నాను. అతను బోర్డు పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఒక్క క్షణం నోట్లో మాటలు కూర్చుకున్నాడు. ఈయన మా నాన్న, ఊళ్లో ఇద్దరికి గొడవ వస్తే పోలీసుల కంటే ముందు ఈయన దగ్గరికి వస్తారు, ఈయన చెప్పాక మళ్లీ స్టేషనుకు వెళ్లిన వాళ్లను నేను చూడలేదు అని మూడు ముక్కలు తడబడకుండా చెప్పాడు. మూడింటిలో ఎక్కడా బిగ్ లేదు. ఆ నాన్నకు ఇంగ్లిష్ రాదు. అయినా తన గురించేనని తెలిసి, పొట్లం విప్పి, ముందు బల్ల నుంచి మొదలుపెట్టి అందరి చేతుల్లో తలా కాస్త ప్రసాదం పెట్టుకుంటూ వెళ్లారు.